పొయ్యి ఆరని ఇల్లు

(గోదావరి గడపలు: 17వ భాగం)

గత రెండు భాగాల్లో ధవళేశ్వరం ఆనకట్ట కథ చెప్పుకున్నాం. 1847లో పని మొదలైంది, 1852కల్లా పూర్తయింది. దానికి ఎంత రాయి పట్టింది, ఎంతమంది కూలీలు పనిచేశారు, ఆ తర్వాత శిస్తు ఏ మేరకు పెరిగింది, అన్నీ కాగితాల మీద ఉన్నాయి. కాటన్ దొర ఉత్తరాలున్నాయి, ఇంజనీర్ల నివేదికలున్నాయి, కలెక్టర్ల జమాబందీ లెక్కలున్నాయి. ధాన్యం గాదెకు చేరేదాకా చరిత్ర మనకు పుట్లలో, పందుముల్లో దొరుకుతుంది. గాదెలోంచి తీసి దంచి, చెరిగి, వండి, విస్తట్లో పెట్టినవాళ్ల సంగతికి వచ్చేసరికి కాగితాలు అయిపోతాయి. ఈ వారం ఆ కాగితాల్లేని వైపు, లంకల గన్నవరంలో ఒక వంటింట్లోకి వెళ్దాం.

డొక్కా సీతమ్మగారి పేరు వినని గోదావరి జిల్లా మనిషి ఉండడు. ఆవిడ పేరెత్తగానే ఎడ్వర్డు చక్రవర్తి, పట్టాభిషేకం, కుర్చీలో ఫొటో కథ ముందుకొచ్చేస్తుంది. ఆ కథ నాకూ ఇష్టమే. కానీ దాన్ని ముందు చెప్పేస్తే ఇక మిగతాదేదీ ఎవరికీ పట్టదు, వంటావిడ వెనక్కిపోయి రాజుగారు ముందు కూర్చుంటారు. కాబట్టి రాజుగారిని కాసేపు వీధి అరుగు మీద కూర్చోబెడదాం. ఆ ఇంట్లో ఎవరికైనా కాళ్లకు నీళ్లిచ్చేవారు, ఆయనకూ ఇస్తారు.

ఆవిడ పుట్టింది 1841 అక్టోబరులో, మండపేటలో. ఆ ఏడాదికి ఒక విశేషం ఉంది. 1821లో 7 లక్షలు దాటి ఉన్న రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటి లెక్కకు 5 లక్షల 60 వేల దరిదాపుకు పడిపోయింది. ఇరవై ఏళ్లలో జిల్లా నాలుగో వంతు ఖాళీ. మధ్యలో 1832-33 నాటి నందన కరువు, 1839లో కోరంగిని ముంచిన ఉప్పెన, ఏటేటా తప్పని శిస్తు. పక్కనే అంత పెద్ద గోదావరి పారుతుంటే జనం తిండిలేక చచ్చిపోయారు. కొందరు ఊళ్లు వదిలి పోయారు. ఈ జిల్లా ఎందుకు ఇలా అయిందో చూసి రమ్మని మద్రాసు ప్రభుత్వం హెన్రీ మాంట్‌గోమరీ అనే అధికారిని పంపింది. ఆయన 1844లో ఇచ్చిన నివేదికలోంచే ఆనకట్ట ఆలోచనకు ఊపొచ్చింది. అంటే సీతమ్మగారు ఊయలలో ఉన్నప్పుడు ఆ ఇంటి పెద్దవాళ్లకు కరువన్నది పురాణ కాలక్షేపం కాదు, కళ్లతో చూసిన సంగతి. ఇంటికొచ్చినవాడికి అన్నం పెట్టాలన్న మాటకు ఆ తరంలో ఉన్న బరువు ఈ తరానికి తెలియడం కష్టం.

తండ్రి అనుప్పిండి భవానీశంకరంగారు, తల్లి నరసమ్మగారు. ఆకలితో ఎవరొచ్చినా కూర్చోబెట్టి పెట్టే అలవాటున్నాయన కావడంతో ఊళ్లో పిల్లా పెద్దా ఆయన్ను 'బువ్వన్న' అనేవారట. మారుపేర్లు పెట్టడంలో మన ఊళ్లు ఎప్పుడూ కచ్చితంగానే ఉంటాయి. తల్లి చిన్నతనంలోనే పోవడంతో ఆ ఇంటి వంట పని పిల్ల చేతికొచ్చింది. కాబట్టి అత్తారింటికి వెళ్లేనాటికే ఆవిడకు గుండిగ ఎంత బరువో తెలుసు.

పెళ్లి ఎలా కుదిరిందో కోనసీమలో ఒక ముచ్చట చెబుతారు. లంకల గన్నవరం నుంచి డొక్కా జోగన్నగారు ఏదో పని మీద వెళ్తూ మండపేట చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. బువ్వన్నగారింట ఆగారు. ఆ పూట వడ్డించిన పిల్ల తీరు చూసి, ఈ పిల్లనే చేసుకుంటానని అడిగించారు. జోగన్నగారు వేదం చదువుకున్నవారు, భూమీ పుట్రా ఉన్న ఆసామి. నిజంగా ఇలాగే జరిగిందో లేదో గానీ, తర్వాత యాభై ఏళ్లు ఆ ఇంట జరగబోయేదానికి ఇంతకంటే సరైన నాంది ఎవరూ అల్లలేరు.

మండపేట తూర్పు డెల్టాలో ఉంది. గన్నవరం వెళ్లాలంటే గౌతమి దాటి కోనసీమలో అడుగుపెట్టాలి. ఈ ఊరు ఎక్కడుందో సరిగ్గా తెలుసుకుంటే తప్ప సీతమ్మగారి కథ అర్థం కాదు. వసిష్ఠ నుంచి వైనతేయ పాయ చీలే చోటికి చేరువలో, ఏటి ఒడ్డునే ఉందది. వైనతేయకు ఇవతల అమలాపురం వైపు, అవతల రాజోలు వైపు. రాజోలు దాటి సముద్రం దాకా పోతే అంతర్వేది. చుట్టూ లంకలు, వరదొస్తే మునిగేవి కొన్ని, మునగకుండా చుట్టూ నీళ్లతో చిక్కుకుపోయేవి కొన్ని. ఆ రోజుల్లో కోనసీమకు రైలు లేదు. రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెన వచ్చిందే 1900లో, అదీ కోనసీమకు ఉపయోగపడేది కాదు. నడక, ఎడ్లబండి, మేనా, కాలువలో తాడుతో లాగే పడవ. ఏ దారిన వచ్చినా చివరికి రేవు దగ్గర ఆగాల్సిందే.

రేవు దాటడం పడవవాడి దయ, గాలి దయ. పొద్దు గూకితే పడవ కట్టేస్తారు. ఏటికి నీళ్లొస్తే రెండు మూడు రోజులు కట్టేస్తారు. అమలాపురం మునసబు కోర్టులో వాయిదా ఉన్న రైతు, కూతుర్ని పురిటికి తీసుకొస్తున్న తల్లి, మాఘమాసంలో అంతర్వేది కల్యాణానికి పోయే భక్తులు, కావిళ్లతో తిరిగే వర్తకులు, ఊరూరా తిరిగే పండితులు, బిచ్చగాళ్లు, వీళ్లంతా అలా ఏటి గట్టున ఆగిపోయేవాళ్లే. పూటకూళ్లిళ్లు పట్నాల్లో ఉండేవి. అక్కడ డబ్బిచ్చి తినాలి. సత్రాలూ ఉండేవి గానీ చాలావాటిలో బ్రాహ్మణులకే భోజనం. సత్రం రాసిచ్చిన దాత దస్తావేజులోనే ఆ షరతు పెట్టేవాడు. చీకటి పడ్డాక, వానలో, ఏటి ఒడ్డున చిక్కుకున్న మామూలు మనిషికి గన్నవరంలో ఉన్నది డొక్కావారి ఇల్లు ఒక్కటే.

సీతమ్మగారి దయ గురించి చాలామంది రాశారు, పాడారు. దయ ఒక్కటే ఉంటే అన్నం ఉడకదు. వేళ కాని వేళ వచ్చినవాడికి వేడన్నం పెట్టాలంటే దాని వెనక ఎంత ఏర్పాటు ఉండాలో ఒక్కసారి లెక్క వేసి చూడండి.

పొద్దంతా నడిచొచ్చిన మనిషి సోలెడు బియ్యపు అన్నం తేలిగ్గా తింటాడు. నాలుగు సోలలు మానిక, నాలుగు మానికలు కుంచం. కుంచెడు బియ్యం వండితే పదహారు మందికి సరి. ఒక పడవ ఆగిపోయి యాభై మంది దిగారంటే మూడు కుంచాల పైమాట. ఆ ఊళ్లో అప్పటికి మర లేదు, దంపుడే. రెండు కుంచాల ధాన్యం దంచితే ఒక కుంచం బియ్యం. అంటే ఆ ఒక్క పూటకే ఆరు కుంచాల వడ్లు రోట్లో పడాలి. ఎదురెదురుగా ఇద్దరు ఆడవాళ్లు నిలబడి ఒకరి తర్వాత ఒకరు రోకలి వేయాలి, తర్వాత చెరగాలి, నూకా తవుడూ వేరు చేయాలి, రాళ్లు ఏరాలి. అతిథి వచ్చాక మొదలుపెట్టే పని కాదిది. రేపెవరొస్తారో తెలియకుండానే ఇవాళ దంచి పెట్టుకోవాలి.

ఇక పొయ్యి. కోనసీమలో వంటచెరుకంటే కొబ్బరి మట్టలు, కొబ్బరి డొక్కలు, పిడకలు. ఎండాకాలంలో కొదవలేదు. శ్రావణ భాద్రపదాల్లో ముసురు పట్టి నాలుగు రోజులు వదలకపోతే పెరట్లో ఉన్నదంతా నానిపోతుంది. వరదకు జనం చిక్కుకుపోయేదీ సరిగ్గా అప్పుడే. అందుకని వేసవిలోనే అటక నిండా ఎండుమట్టలు సర్దుకోవాలి. నిప్పుపెట్టె ఇంటింటా లేని కాలం కాబట్టి పొయ్యిలో నిప్పు ఆరకుండా బూడిద కప్పి కాపాడుకోవాలి. దాలిలో పాలు కాగుతూ ఉండాలి, తోడు పడి ఉండాలి. మజ్జిగ లేని భోజనం ఆ ఇంట భోజనం కాదు. జాడీల్లో ఆవకాయ, మాగాయ ఏడాదికి సరిపడా కాదు, ఎంతమంది వచ్చినా సరిపడా ఉండాలి. పెరట్లో అరటి గెలలు, కంద, పెండలం, బచ్చలి, పనస. కోనసీమ పెరడు అర్ధరాత్రి కూడా కూర ఇస్తుంది, దీపం పట్టుకుని కోసుకొచ్చేవాళ్లుండాలి అంతే. అరిటాకులకు మాత్రం లోటుండదు.

శ్రోత్రియుల ఇల్లు గనక దీని మీద మడి ఒకటి. అందరికీ పెట్టి, తాను తిని, వంటిల్లు అలికేసి, నడుం వాల్చాక వీధి తలుపు చప్పుడైతే మళ్లీ నూతి దగ్గరికి వెళ్లి, తలమీద నీళ్లు పోసుకుని, మడిబట్ట కట్టుకుని పొయ్యి రాజేయాలి. పుష్యమాసపు చలిలో అర్ధరాత్రి వేళ ఆ ఒక్క పని ఊహించుకుంటే చాలు. ఒక్క రోజు కాదు, ఒక్క ఏడాది కాదు. సీతమ్మగారికి పట్టు తప్పలేదంటారు.

ఇన్ని రోకళ్లు, ఇన్ని బిందెల నీళ్లు, ఇన్ని మట్టలు ఒక్క మనిషి చేతి మీద నడవవు. దంచినవాళ్లు, నీళ్లు మోసినవాళ్లు, అంట్లు తోమినవాళ్లు, పశువుల్ని చూసినవాళ్లు, పొలం దున్నినవాళ్లు ఊళ్లోవాళ్లే, పేదవాళ్లే. ఒక్కరి పేరూ మనదాకా రాలేదు. సీతమ్మగారి పేరైనా వచ్చిందంటే దానికి ఆ ఇంటి కులమూ, భూమీ కొంత కారణం. ఇది ఆవిడను తక్కువ చేయడానికి అంటున్న మాట కాదు. ఎన్ని చేతులు కలిస్తే ఒక చేయి 'ఎముకలేని చేయి' అనిపించుకుంటుందో గుర్తుంచుకోవాలని.

ఇక కథలు. ఆవిడ మీద చెప్పుకునే కథలు ఓ పది పదిహేను ఉన్నాయి. కొన్నింటిలో మారువేషాల రాజులొస్తారు, కొన్నింటిలో దేవుళ్లే వస్తారు. వాటిని పక్కన పెడితే రెండు మాత్రం నా మనసు పట్టుకున్నాయి. రెంటిలోనూ వంటింటి వాసన ఉంది.

మొదటిది అంతర్వేది ప్రయాణం. నరసింహస్వామిని చూడాలని ఆవిడకు ఎన్నాళ్లుగానో కోరిక. ఇంటికి దూరమేమీ కాదు, ఓ రోజు ప్రయాణం. కానీ ఇల్లు వదిలి కదలడం పడేది కాదు. చివరికి ఒకసారి వీలు చేసుకుని మేనా ఎక్కారు. దారిలో బోయీలు మేనా దింపి అలుపు తీర్చుకుంటున్నారు. అక్కడే చెట్టు కింద ఇంకో బృందం, పిల్లా పాపలతో ఎదురు దారిన వస్తున్నవాళ్లు, ఆగి ఉన్నారు. పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే పెద్దవాళ్లు ఊరడిస్తున్నారు. ఇంకాసేపు ఓర్చుకుంటే గన్నవరం వస్తుందనీ, అక్కడ సీతమ్మగారు కడుపునిండా పెడతారనీ. మేనా తెర లోపల ఆ మాటలు విన్నావిడ బోయీలను వెనక్కి తిప్పమన్నారు. వాళ్లకంటే ముందు ఇంటికి చేరి, వాళ్లొచ్చేసరికి అన్నం సిద్ధం చేశారు. అంతర్వేది అలాగే ఉండిపోయింది.

ఈ కథ చెప్పేవాళ్లు సాధారణంగా, ఆకలిగొన్నవాడిలోనే ఆవిడ దేవుణ్ణి చూసిందని ముగిస్తారు. బాగానే ఉంది. కానీ నాకు ఇంకో సంగతి కనిపిస్తుంది. ఆవిడ లేకపోతే ఆ పూట ఆ ఇంట్లో వండేవాళ్లు లేరు. జీవితమంతా ఊరికి పెట్టిన మనిషికి ఒక రోజు ప్రయాణంలో ఉన్న గుడికి పోయిరావడానికి తీరిక దొరకలేదు. మన ఇళ్లలో అమ్మమ్మల్ని, నాయనమ్మల్ని తలుచుకునేటప్పుడు 'ఇల్లు కదిలేది కాదు' అని గొప్పగా చెప్పుకుంటాం. కదలనిచ్చారా అని అడగం. సీతమ్మగారు వెనక్కి తిరగడం ఆవిడ ఇష్టమే, అందులో సందేహం లేదు. ఆ ఇష్టానికి ఆవిడ చెల్లించిన మూల్యం కూడా కథలో భాగమే.

రెండోది వరద రాత్రి కథ. జడివాన, ఏరు పొంగుతోంది. ఆ చీకట్లో అవతలి లంక మీద నుంచి ఆకలి కేకలు వినిపించాయి. ఎవరో పేదవాడు, అంటరానివాడని ఊరు దూరంగా పెట్టిన కులంవాడు, నీళ్ల మధ్య చిక్కుకుపోయాడు. సీతమ్మగారు అన్నం మూటగట్టి, ఆ వేళప్పుడే తీసుకెళ్లి ఇచ్చి రమ్మన్నారు. జోగన్నగారు పడవ మీద ఆ హోరులో ఏరు దాటి ఇచ్చొచ్చారు. ఈ కథలో నాకు జోగన్నగారి మీద గౌరవం పెరుగుతుంది. భార్య మాట విని అర్ధరాత్రి వరదలో పడవెక్కిన మొగుడు ఆ కాలంలోనే కాదు, ఏ కాలంలోనూ అంత విరివిగా దొరకడు. అన్నదానం ఇల్లాలి పేరు మీద నిలిచింది గానీ, పొలం అమ్ముడైనా ఆ ఇంటాయన అడ్డు చెప్పలేదన్నది ఈ కథల్లో అడుగునున్న మాట.

కులం సంగతి ఇక్కడ దాటేయకూడదు. పంతొమ్మిదో శతాబ్దపు బ్రాహ్మణ గృహం అది. సహపంక్తి భోజనాలు జరిగాయని అనుకోనవసరం లేదు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎవరికి ఎక్కడ పెట్టాలో ఆ కాలపు కట్టుబాట్లు చాలా గట్టిగా ఉన్న రోజులు. కానీ చుట్టుపక్కల సత్రాల తీరు చూశాక, అడిగినవాడి కులం చూసి లేదనకపోవడం అన్నదే ఆ నాటికి పెద్ద సంగతి. జనం ఆవిడను గుర్తుపెట్టుకున్నది అందుకే. బ్రాహ్మణులకు సంతర్పణలు చేసిన జమీందార్లు జిల్లా నిండా ఉండేవారు. వాళ్లలో ఎంతమంది పేర్లు ఇవాళ పడవ రేవుల్లో వినిపిస్తున్నాయి?

డబ్బెక్కడిదన్న ప్రశ్న అప్పటివాళ్లకూ వచ్చింది. ఆనకట్ట వచ్చాక, కాలువలు తవ్వాక కోనసీమ మాగాణి దశ తిరిగింది. గన్నవరం దగ్గరే వైనతేయ మీదుగా రాజోలు వైపు నీళ్లు దాటించడానికి 1850లలో ఇంజనీరు హేగ్ దొర అక్విడక్టు కట్టించాడు. 49 కమానుల కట్టడం, ఏటి మీద కాలువ పారుతుంది. ఆ రోజుల్లో జనం తిరునాళ్లకు వచ్చినట్టు వచ్చి చూశారంటే ఆశ్చర్యం లేదు. సీతమ్మగారి కాపురమంతా ఆ కమానుల నీడలోనే గడిచింది. నీళ్లొచ్చిన ఊళ్లో పంట నిలకడైంది, గాదె నిండింది. 1876-78 నాటి ధాతు కరువులో దక్షిణాది అల్లాడిపోతుంటే డెల్టాలో వరి పండింది. ఇక్కడి బియ్యం బయటికి పోయింది, బయటి ఆకలి మనుషుల రూపంలో లోపలికొచ్చింది. అప్పటికి ఆవిడకు ముప్ఫై ఐదేళ్లు, ఓపికున్న వయసు.

అయితే ఎంత మాగాణైనా రోజూ తోడితే తరుగుతుంది. ఆస్తి కరుగుతోందని జోగన్నగారు దిగులుపడుతున్న రోజుల్లో పొలంలో తవ్వుతుంటే బంగారంతో నిండిన బిందె దొరికిందనీ, దాంతో అన్నదానం ఆగకుండా సాగిందనీ చెప్పుకుంటారు. దీన్ని చరిత్రగా రాయలేను. కానీ ఇలాంటి కథ ఎందుకు పుడుతుందో తెలుస్తుంది. ఒక ఇల్లు ఇన్నేళ్లు ఇంతమందికి ఎలా పెట్టగలిగిందో ఊరికి లెక్క తేలలేదు. తేలని చోట బిందె దొరికింది.

సర్కారు వారి లెక్క ఇంకా విచిత్రం. 1901 జనాభా లెక్కల్లో వృత్తుల పట్టిక కోసం మనుషుల్ని రెండుగా విడదీశారు. సంపాదించే పని చేసేవాళ్లు ఒక గడి, వాళ్ల మీద ఆధారపడి బతికేవాళ్లు ఇంకో గడి. ఇంటిపని చేసే ఇల్లాళ్లు రెండో గడిలోకి పోయారు. అప్పటికి సీతమ్మగారికి అరవై. ఆ పద్ధతి ప్రకారం ఆవిడా పసిపిల్లలతో, మంచాన పడ్డ ముసలివాళ్లతో పాటు ఆధారపడి బతికేవాళ్ల లెక్కలోకే వస్తారు. ఇటు చూస్తే, ఆవిడ మీద ఆధారపడి ఆ పూట గడుపుకున్నవాళ్లు ఏటి గట్టు పొడుగునా ఉన్నారు. జనాభా లెక్కల గుమాస్తా కూడా ఎండలో ఆ ఊరు వచ్చి ఉంటే ఎవరింట తిన్నాడో వేరే చెప్పాలా?

సరే, అరుగు మీద కూర్చోబెట్టిన రాజుగారిని ఇప్పుడు లోపలికి పిలుద్దాం.

కథ ఇది. ఏడో ఎడ్వర్డు పట్టాభిషేక వేడుకలకు దేశంలోని గొప్ప దాతల్ని ఆహ్వానించారు. ఆ పట్టీలో సీతమ్మగారి పేరుంది. గోదావరి జిల్లా కలెక్టరు స్వయంగా గన్నవరం వచ్చి కబురు చెప్పారు. ఆవిడ రానన్నారు. తాను పేరు కోసం పెట్టడం లేదనీ, తాను వెళ్తే ఇక్కడికొచ్చేవాళ్లకు ఎవరు వండిపెడతారనీ అన్నారు. పోనీ ఫొటో అయినా ఇమ్మని అడిగితే దానికీ ఒప్పుకోలేదు. ఫొటో పంపకపోతే తన ఉద్యోగానికి ముప్పని కలెక్టరు మొరపెట్టుకుంటే, ఒకరి నోటి దగ్గర కూడు తన వల్ల పోకూడదని కూర్చున్నారు. వేడుకలో ఆ ఫొటోను కుర్చీలో పెట్టి, రాజు దానికి నమస్కరించాడు.

చరిత్ర రాసేవాడిగా ఇందులో కొన్ని ముడులు విప్పక తప్పదు. ఎడ్వర్డు పట్టాభిషేకం 1902 జూన్ 26న జరగాల్సింది. ఆయనకు అపెండిసైటిస్ వచ్చి ఆపరేషన్ చేయాల్సి రావడంతో వాయిదాపడి ఆగస్టు 9న లండన్‌లో జరిగింది. మన దేశంలో దాని వేడుకగా కర్జన్ ప్రభువు 1903 జనవరి 1న ఢిల్లీ దర్బారు నడిపాడు. దానికి ఎడ్వర్డు రానేలేదు, తమ్ముడు కన్నాట్ డ్యూక్‌ను పంపాడు. కాబట్టి రాజు ఢిల్లీలో ఫొటోకు నమస్కరించాడని చెప్పేవారి మాట కుదరదు. ఆ దర్బారు సందర్భంగా దేశమంతటా దానధర్మాలు చేసేవారికీ, ప్రజోపకారులకూ చక్రవర్తి పేరు మీద ప్రశంసాపత్రాలు ఇచ్చారు. సీతమ్మగారి కథకు మూలం అక్కడుందని నా అంచనా. దూరాన ఉన్న రాజు ఆవిడ ఫొటో ముందు తలవంచడం జనం చేర్చుకున్న ముగింపు కావచ్చు. తెల్లదొరల ఏలుబడిలో ఉన్నవాళ్లకు, తమ ఊరి ఇల్లాలి ముందు ఆ దొరల దొర వంగడం ఎంత తీపిగా ఉండి ఉంటుందో ఆలోచించండి. దాన్ని వాళ్ల దగ్గర్నుంచి లాక్కోవాలని నాకు లేదు.

నేను లాక్కోవాలనుకోనిది ఇంకొకటి కూడా ఉంది, ఆవిడ చెప్పిన కారణం. అంతర్వేది నుంచి వెనక్కి తిప్పిందీ, పట్టాభిషేకానికి పోనివ్వనిదీ ఒకే సంగతి. తాను లేకపోతే ఎవరు వండుతారు? దేవుడికైనా రాజుకైనా ఆవిడ దగ్గర ఒకటే జవాబు. కథలో మిగతా అంతా అలంకారం అనుకున్నా, ఈ ఒక్క మాట మాత్రం వంటింట్లో యాభై ఏళ్లు గడిపిన మనిషి నోట్లోంచే రావాలి. అల్లేవాళ్లకు తట్టేది కాదు. చిత్రమేమిటంటే, ఫొటోకు కూర్చోబెట్టింది కూడా గొప్పల ఆశ కాదు, ఒకడి కూటికి సంబంధించిన భయమే.

సీతమ్మగారు 1909 ఏప్రిల్ 28న కన్నుమూశారు. అరవై ఏడేళ్లు నిండి అరవై ఎనిమిదో ఏడు నడుస్తోంది. ఇవాళ్టి లెక్కకు పెద్ద వయసు అనిపించదు గానీ, ఆ దశకంలో ఈ దేశపు సగటు ఆయుర్దాయం పాతికేళ్లలోపే. పురుళ్లు, జ్వరాలు, కలరా దాటుకుని ఆడమనిషి అరవై దాటడం అరుదు. ఆవిడ పుట్టినప్పుడు ధవళేశ్వరం దగ్గర గోదావరి అడ్డూ ఆపూ లేకుండా పారేది. పోయేనాటికి కోనసీమ 'ధాన్యాగారం' అనిపించుకుంటోంది. ఒక్క ఇల్లాలి ఆయుష్షులో ఆకలి జిల్లా అన్నం జిల్లా అయింది. ఈ మార్పులో కాటన్ దొర వాటా ఎంతో అందరం చెబుతాం. ఊరూరా విగ్రహాలు పెట్టుకున్నాం. వండిన చేతులకు వాటా పంచే లెక్క ఇంకా ఎవరూ కట్టలేదు.

ఆ తర్వాతి సంగతులు తొందరగా చెప్పేస్తాను, తెలిసినవే గనక. పాత అక్విడక్టు పక్కన కట్టిన కొత్తది 2000లో తెరుచుకుంది. దానికి ఆవిడ పేరు పెట్టారు. ఇంజనీర్ల, మంత్రుల పేర్లు పెట్టే చోట ఒక వంటావిడ పేరు పెట్టడం అరుదైన పని, సబబైన పని. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి కూడా ఆవిడ పేరే పెట్టింది. రాష్ట్రమంతటా ఆ భోజనం వండేది ఆయా ఊళ్ల ఆడవాళ్లే. పొద్దున్నే వచ్చి, బియ్యం ఎసట్లో పోసి, పప్పు మెదిపి, వందల మంది పిల్లలకు వేళకు వడ్డించాలి. వాళ్ల చేతికొచ్చే గౌరవ వేతనం నెలకు 3000 రూపాయలు. పథకానికి సీతమ్మగారి పేరు పెట్టినవారు ఆవిడ పనిని ఇప్పుడు ఎవరు చేస్తున్నారో కూడా ఒకసారి తిరిగి చూడాలి.

గన్నవరంలో ఆవిడ పొయ్యి ఆగిన మరుసటి ఏడే, 1910లో, రాజమండ్రిలో ఇంకో ఇల్లాలు పోయింది. సీతమ్మగారి గడప తొక్కడానికి ఊళ్లు దాటి జనం వచ్చేవారు. ఈవిడ గడప తొక్కడానికి వంటవాళ్లూ నీళ్లు మోసేవాళ్లూ కూడా నిరాకరించారు. ఇంట్లో వితంతు వివాహం జరిగిందని ఊరు వెలేస్తే, గోదావరికి వెళ్లి బిందెతో నీళ్లు తెచ్చుకుని పెళ్లివారికి తానే వండిపెట్టింది. కందుకూరి వీరేశలింగంగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు. 1881 డిసెంబరు 11న ఆ ఇంటి వంటింట్లో ఏం జరిగిందో వచ్చే వారం చూద్దాం.